ఏనుగురాయి దూకని పడవ

దుమ్మునెల, మొదటి వారం

గని నమోదులో గని సంగతులే చెప్పాలని పైవాళ్ళ ఆర్డరు. ఎంత లోతు దిగాను, ఎంత మంచు తీశాను, ఏ పలుగు విరిగింది. సరే, చెప్తాను. లోతు నిన్నటంతే. మంచు నిన్నటికంటే మురికి. పలుగు విరగలేదు గానీ, మా మరిది సుంకన్న నెత్తి మీద వేసి విరగ్గొట్టాలని ఉంది.

నా పేరు ఓబులమ్మ. ఎర్రమిట్టలో తూర్పు గుంత నాది. నాది అంటే, మా ఆయనది. ఆయనే ఈ మంచుపొరని కనిపెట్టాడు, ఆయనే ఇందులో పడి ప్రాణం వదిలాడు. ఆయన పోయిన నాటినుంచీ నేనే తవ్వుతున్నాను. ఊరికి తాగే నీళ్ళలో మూడో వంతు ఇక్కణ్ణుంచే పోతాయి. ఇప్పుడు సుంకన్నకి గుర్తొచ్చిందట, అన్న పోతే అన్న సొత్తు తమ్ముడిదేనని.

ఇవాళ గుంత దగ్గరికే వచ్చాడు. హెల్మెట్‌లో వాడి గొంతు దోమలా గీపెట్టింది.

"వదినా, మంచి మాటగా చెప్తాండా. గుంత వదిలి పో."

"మంచి మాట నీ నోట్లో ఉండాదా? యాడ దాచినావురా ఇన్నాళ్ళూ?"

"అయితే తీర్పు గదిలోనే తేల్చుకుందాం."

"తేల్చుకుందాం రా. నీకు తెడ్డు పట్టుకోనే రాదు."

నవ్వాను కూడా. నిజంగానే వాడికి రాదు. తగువులు తేల్చే ఏటిపందెంలో నన్ను గెలిచినవాడు ఈ గుమ్మటం కింద ఇంకా పుట్టలేదు.

దుమ్మునెల, రెండో వారం

పెట్టె చచ్చింది.

మా తీర్పు గదిలో ఉన్న ఆటపెట్టె సంగతి చెప్తున్నాను. మా నాయనవాళ్ళు భూమి మీదనుంచి ఈ అంగారకుడికి వస్తూ పిల్లల కాలక్షేపానికి తెచ్చుకున్నది. మొదట్లో ఇక్కడ నీళ్ళ కోసం కత్తులు తీసేవాళ్ళు. గుమ్మటం లోపల కత్తి విసిరితే పోయేది ఒక్క మనిషి కాదు. గోడకి చిల్లు పడితే ఊరంతా పోతుంది. ఒకసారి పోయినంత పనయింది. ఆ తర్వాత పెద్దలు కత్తులన్నీ కరిగించి, పిల్లల దగ్గర పెట్టె లాక్కుని, తగువున్న ఇద్దర్నీ దాని ముందు కూర్చోబెట్టారు. దాని తెర మీద పడవలతో ఏటిపందెం ఆడండి, గెలిచినవాడి మాట చెల్లుతుంది అన్నారు. పెట్టెకి బంధువుల్లేరు, దానికి ఎవరి మీదా కోపం లేదు. ఆ గదిలో నోరు మెదపకూడదని కూడా రూలు పెట్టారు. మాటల దగ్గరే గదా కత్తులు లేచింది.

ఈసారి దుమ్ము మరీ సన్నగా ఉంది, పిండిలాగా. పెట్టె లోపలికి దూరి ఏదో కాల్చేసింది. గది కాపలా చూసే కంబగిరి మామ దాన్ని ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను ఊపినట్టు ఊపుతున్నాడు. "ఇంక లేదమ్మా," అన్నాడు. ఆయన ఏడిస్తే నాకు ఒళ్ళు మండింది. ఏడిస్తే పని చేస్తుందా?

సరుకుల ఓడలో కొత్త పెట్టె వస్తోందట. పాత ఆటలన్నీ అందులో ఆడతాయట. మా ఇద్దరి పందెం అది వచ్చేదాకా వాయిదా.

దుమ్మునెల, ఆఖరి వారం

కొత్త పెట్టె వచ్చింది. తెల్లగా, నున్నగా, గుడ్డు పెంకులా ఉంది. మాట్లాడుతుంది కూడా. మీట నొక్కగానే, "స్వాగతం! మీ పాత ఆటలన్నీ ఇప్పుడు మరింత అందంగా!" అంది. ఆ తీపి గొంతు వినగానే నాకు నమ్మకం పోయింది.

కంబగిరి మామ పాత ఆట కార్డు తీసి అందులో పెట్టాడు. ఏరు కనిపించింది. నీళ్ళు నిజం నీళ్ళలా మెరుస్తున్నాయి. గట్టున గడ్డి ఊగుతోంది. చుట్టూ నిలబడ్డవాళ్ళంతా అబ్బా అన్నారు. మాలో ఏరు చూసినవాళ్ళు ఎవరూ లేరు మరి.

నేను కంట్రోలర్ పట్టుకుని పడవ వదిలాను. మొదటి వంపు, రెండో వంపు బాగానే పోయాయి. మూడో వంపు దగ్గర ఏనుగురాయి ఉంటుంది. ఎర్రమిట్టలో తీర్పులన్నీ తేలేది అక్కడే. మామూలువాళ్ళు రాయి చుట్టూ తిరిగిపోతారు. చెయ్యి తిరిగినవాళ్ళు పడవ ముక్కుని సూటిగా రాయికి గురిపెడతారు. తగిలీ తగలకముందే తెడ్డు బటన్ నొక్కితే పడవ చేపలా లేచి రాయి అవతల పడుతుంది. నొక్కడం రెప్పపాటు ముందైనా, వెనకైనా పడవ ముక్కలే. అది చేతికి రావడానికి నాకు పదేళ్ళు పట్టింది.

నొక్కాను. పడవ లేవలేదు. రాయికి కొట్టుకుని పగిలింది.

మళ్ళీ ఆడాను, మళ్ళీ పగిలింది. బొటనవేలు వాచేదాకా ఆడాను. కంబగిరి మామ నా భుజం తట్టబోతే విదిలించి కొట్టాను.

"ఇది మన ఆట కాదు మామా. దాని చర్మం తొడుక్కుని వచ్చిన ఇంకేదో."

"అదే కార్డమ్మా. నా చేత్తో పెట్టినా."

"కార్డు అదే. ఆట అది కాదు. భూమికి అడుగు."

అడిగాడు. జవాబు సాయంత్రానికి వచ్చింది. ఏనుగురాయి దగ్గర పడవ ఎగరడం పాత ఆటలో తయారీ లోపమట. కొత్త పెట్టెలో సరిచేశారట. మా సంతోషమే వాళ్ళ సంతోషమట.

చలినెల, మొదటి వారం

ఆ జవాబుని ఎవరో భోజనాల గది గోడ మీద అంటించారు. ఎవరన్నది నాకు తెలుసు. సుంకన్నే.

'లోపం' అన్న మాట దగ్గర అందరి వేళ్ళూ ఆగాయి. లోపమంటే ఏంటి? తప్పు. మరి ఇన్నేళ్ళూ తప్పు మీద గెలిచినవాళ్ళ తీర్పుల సంగతేంటి?

తులశమ్మ అని కూరమళ్ళలో పనిచేసే మనిషి ఉంది. మొగుడితో విడిపోయినప్పుడు పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్నది పందెంలోనే తేలింది. ఆమె రాయి చుట్టూ తిరిగి వెళ్ళింది, వాడు రాయి మీదుగా దూకాడు. అంతే, పిల్ల వాడికి పోయింది. ఇవాళ ఆమె పళ్ళెం నేలకేసి కొట్టి మొగుడి మెడ పట్టుకుంది. "నా బిడ్డను మోసంతో గెలిచినావు! భూమివాళ్ళే రాసి పంపినారు చూడరా!" నలుగురు కలిసి విడదీయాల్సి వచ్చింది. వాడి మెడ మీద ఆమె గోళ్ళ గీతలు.

ఆమెను చూసి ఇంకొకరు లేచారు, ఆ తర్వాత ఇంకొకరు. గదులు, షిఫ్టులు, పెళ్ళిళ్ళు, అన్నీ మళ్ళీ తవ్వి తీయాలట. రోజూ నా బల్ల దగ్గర కూర్చునే మనుషులు ఇవాళ నా పక్కనుంచి లేచిపోయారు. అందరికంటే ఎక్కువసార్లు దూకింది నేనే కాబట్టి.

లేచిపోతే పోనీ. పదేళ్ళు వేళ్ళు అరగదీసుకున్నది నేను. లోపమట, లోపం! అందరి ముందూ ఉన్న రాయి అది. వాళ్ళెందుకు నేర్చుకోలేదు?

చలినెల, రెండో వారం

ఓడిపోయాను.

కొత్త పెట్టె మీదే ఆడాలని కంబగిరి మామ తేల్చాడు. వేరే పెట్టె లేదు కదా అన్నాడు. నేనూ రాయి చుట్టూ తిరిగాను. కానీ ఈ పెట్టెలో తెడ్డు నా చేతి మాట వినదు. నొక్కాక ఒక క్షణం ఆలోచించి కదులుతుంది. పాత తెడ్డుకి అలవాటుపడ్డ నా వేళ్ళు ప్రతి వంపు దగ్గరా తొందరపడ్డాయి. సుంకన్నకి ఏ అలవాటూ లేదు. అందుకే వాడికి అడ్డేమీ లేదు. బండలా నడిపాడు, బండలాగే గెలిచాడు.

మంచుపొర వాడిది అయింది.

బయటికి రాగానే వాడు, "వదినా, పలుగులు నువ్వే ఉంచుకోలే," అన్నాడు. జనం నవ్వారు. వాడి పెళ్ళాం లింగమ్మ మాత్రం నవ్వలేదు. తల దించుకుని వాడి చెయ్యి పట్టి లాగింది.

ఇంటికొచ్చాక నా తమ్ముడు ఎల్లప్ప గది అంతా తిరిగాడు. వాడు వేడినీళ్ళ గొట్టాల మీద పని చేస్తాడు. పెళ్ళి కాలేదు, నా దగ్గరే తింటాడు.

"చూస్తా ఊరుకుంటావా అక్కా? బావ ప్రాణం పోయిన గుంత అది!"

"నోర్మూసుకుని తిను."

"మనకేం చేతకాదా?"

"వాడి గది చల్లబడిపోను! వాడి ఎముకలు బిగుసుకుపోను! చాలా? ఇంక తిను."

ఇక్కడ ఎవరికి కోపమొచ్చినా అనే మాటే అది. వాడు తినలేదు.

చలినెల, మూడో వారం

మధ్యాహ్నం గంట మోగింది. పడమటి వరుసలో వేడి పోయిందని. చలినెలలో గదికి వేడి ఆగితే గోడలు ఎంతోసేపు ఓర్చుకోవు.

నేను పరుగెత్తింది ఎవరి మీదో ప్రేమతో కాదు. గంట మోగితే పరుగెత్తాలి, అంతే. వెళ్ళి చూస్తే అది సుంకన్న గది. వాడు తలుపుని భుజంతో గుద్దుతున్నాడు. లోపలి తేమంతా తలుపు అంచున గడ్డకట్టి బిగుసుకుంది.

"లింగమ్మ లోపలుండాది!" అన్నాడు. నా మీద ఇంత పగ ఉన్న మనిషి, ఎవరితో చెప్తున్నాడో కూడా చూసుకోలేదు.

వస్తూ చేతికందిన పలుగు నా దగ్గరుంది. తలుపు సందులో దూర్చి ఇద్దరం వేలాడాం. "కిందికి నొక్కు, పనికిమాలినోడా!" అని నేను, "నొక్కుతాండా, అరవొద్దు!" అని వాడు. తలుపు ఊడివచ్చింది.

లింగమ్మ షిఫ్టు దిగొచ్చి నిద్రమందు వేసుకుని పడుకుందట. కుడిచెయ్యి గోడకి ఉన్న ఇనప పట్టీ మీద పడి ఉంది, దానికే అంటుకుపోయింది. గోరువెచ్చటి నీళ్ళు పోసి విడదీశాం. స్పృహ వచ్చాక ఆమె అరిచిన అరుపు నేను ఇక్కడ చెప్పలేను.

రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది.

గొట్టం దానంతటది పగల్లేదు. కోసి ఉంది.

చలినెల, మూడో వారం, మర్నాడు

పొద్దున ఎల్లప్ప నా దగ్గరికొచ్చాడు. ముఖం బూడిదలా ఉంది.

"నేనే అక్కా. వాడు గుంతలో ఉంటాడనుకున్నా. గది ఖాళీ అనుకున్నా. సామాన్లు గడ్డకట్టి ఏడ్చుకోనీ అనుకున్నా. ఆమె ఉండాదని నాకు తెలీదు."

నా చెయ్యి వాడి చెంప మీద పడింది. రెండోసారి ఎత్తితే వాడు తల తిప్పుకోలేదు. అందుకని కొట్టలేకపోయాను.

"నీకోసమే చేసినా," అన్నాడు.

"నాకోసమని ఇంకోసారి అంటే నాలుక కోస్తా."

మధ్యాహ్నానికి సుంకన్న తీర్పు గది ముందు నిలబడి, గొట్టాల పనివాడు తప్ప ఇంకెవరు కోస్తారని ఎల్లప్ప పేరు పెట్టి అరిచాడు. ఎల్లప్ప నా ముఖం చూశాడు. నేను నేల వైపు చూశాను. అప్పుడు వాడు గట్టిగా అన్నాడు:

"నేను కొయ్యలా. పందెంలో తేల్చుకుందాం."

కంబగిరి మామ తలూపాడు. రూలు రూలే.

ఈ పెట్టె వచ్చిన రోజునుంచీ ఎల్లప్ప దాని ముందే పడి ఉన్నాడు. వాడికి పాత ఆట ఎప్పుడూ సరిగా రాలేదు. ఇది బాగా వచ్చింది. వాడు గెలుస్తాడు. గెలిస్తే గొట్టం ఎవరూ కొయ్యనట్టే, లింగమ్మ వేళ్ళు వాటంతటవే రాలిపోయినట్టే లెక్క.

చలినెల, ఆఖరి వారం

తీర్పు గది నిండిపోయింది. తులశమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. లింగమ్మ ముందు వరుసలో కూర్చుంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. ఆమె తెర వైపు చూడటం లేదు. ఎల్లప్ప చేతుల వైపు చూస్తోంది. వాడి పది వేళ్ళూ బటన్ల మీద చకచకా ఆడుతున్నాయి.

మొదటి వంపు దాటేసరికే ఎల్లప్ప ముందున్నాడు. సుంకన్న నుదుటి మీద చెమట. రెండో వంపు. ఇన్నేళ్ళలో ఈ గదిలో నేను ఎన్నో తగువులు చూశాను. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదే చూశాను. ఎవరిది నిజమని ఒక్కసారీ చూడలేదు. నా తగువులు కూడా అంతే. ఇవాళ నిజం నా చెవుల్లో ఉంది. తెర మీద దానికి చోటు లేదు.

లేచి నిలబడ్డాను.

"గొట్టం కోసింది ఎల్లప్పే. నాతో వాడే చెప్పినాడు."

కంబగిరి మామ చెయ్యెత్తాడు. "ఓబులమ్మా! గమ్మునుండు! ఈడ మాట్లాడకూడదు!"

"మాట్లాడతా. ఏం చేస్తావ్? బయటికి తోసినా గోడ అవతలినుంచి అరుస్తా. వాడే కోసినాడు. గది ఖాళీ అనుకున్నాడు. వాడి ఉడుకు తెలిసి కూడా వాడి ముందు ఆ శాపం పెట్టింది నేను."

ఎల్లప్ప చేతిలోంచి కంట్రోలర్ జారింది. తెర మీద వాడి పడవ తనంతట తాను కొట్టుకుపోయి ఏనుగురాయికి తగిలి పగిలింది. ఎవరూ చూడలేదు.

"అక్కా," అన్నాడు. ఆ ఒక్క మాటే.

సుంకన్న లేచి నా మీదికి వచ్చాడు. "ఇదేం కొత్త నాటకం వదినా? తమ్ముణ్ణి పట్టించి మంచిదానివైపోయి పొర వెనక్కి లాక్కుందామనా?"

"నీ పొర నీ నెత్తినేసుకుని ఊరేగు! నేను చెప్పింది నీకోసం కాదు."

"మరి ఎవరికోసం?"

నేను లింగమ్మను చూపించాను. వాడు ఇంకా ఏదో అనబోయాడు. లింగమ్మ అంది, "నువ్వు కూసో. ఆమెను చెప్పనీ." ఆమె గొంతు నేను వినడమే తక్కువ.

ఆ తర్వాత ఎవరూ గమ్మునుండలేదు. ఎల్లప్పను గుమ్మటం బయటికి గెంటాలని కొందరు, వద్దని కొందరు అన్నారు. ఎవడో ఇనప కడ్డీ ఎత్తాడు. కంబగిరి మామ రెండు చేతులూ చాచి మధ్యలో నిలబడ్డాడు. కత్తులు లేచేది ఇలాగే కాబోలు అనుకున్నాను. కానీ కడ్డీ ఎవరి మీదా పడలేదు. అరిచి అరిచి గొంతులు పోయాయి. చివరికి ఎవరో లింగమ్మనే అడిగారు, నీకేం కావాలని.

"నా పని వాడు చెయ్యాల," అంది. "మంచు బండి తొయ్యడం, గది కడగడం, అన్నీ. నేను చూస్తాండగా చెయ్యాల."

"ఎన్నాళ్ళు?" అన్నాడు కంబగిరి మామ.

"నా వేళ్ళు మొలిచేదాకా."

ఎల్లప్ప తలూపాడు. వెళ్ళిపోతూ నా పక్కనుంచే వెళ్ళాడు, నేను అక్కడ లేనట్టు.

ఎండనెల, మొదటి వారం

లోతు పెరిగింది. మంచు శుభ్రంగా ఉంది.

కొత్త పెట్టె తీర్పు గదిలోంచి పిల్లల గదికి పోయింది. వాళ్ళు దాన్ని తెగ మెచ్చుకుంటున్నారు. తీర్పు గదిలో ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు అరుచుకుంటున్నారు. తులశమ్మ, ఆమె మొగుడు పోయిన వారం వరసగా తిట్టుకున్నారు. చివరికి పిల్లను పిలిచి అడిగారు. మొదటిసారి అడిగారు. పిల్ల అమ్మ దగ్గరికి పోతానంది, అప్పుడప్పుడు నాన్న దగ్గరికీ వస్తానంది. కంబగిరి మామకి తలనొప్పి పట్టుకుంది. పాత రోజులే నయమంటాడు. నాకూ కొన్నిసార్లు అలాగే అనిపిస్తుంది.

మొన్న నా మిగతా పలుగుల కోసం గుంతలోకి దిగితే సుంకన్న వచ్చాడు.

"పడమటి సగం నువ్వు తవ్వుకో. నీ మీద జాలితో కాదు. లింగమ్మ పోరు పెడతాంది."

"సగం ఏంది? మొత్తం నాదే."

"నీది కాదు. పందెంలో గెలిచినా."

"గెలిచింది నువ్వు కాదురా, పెట్టె."

"అయితే పెట్టెనే తవ్వమను," అని వాడు పలుగు తీసుకుని తూర్పు కొసకి పోయాడు. నేను పడమటి కొసన మొదలుపెట్టాను. తవ్వుతూనే తిట్టుకున్నాం. వాడంటే నాకు ఇప్పటికీ గిట్టదు. వాడికీ నేనంటే అంతే.

మా ఇద్దరి మంచునీ ఎల్లప్పే బండికెత్తి తోసుకుపోతాడు. లింగమ్మ పైన కూర్చుని చూస్తుంది. వాడు నా గదికి అన్నానికి రావడం మానేశాడు. ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. రోజూ రెండు పళ్ళేలు పెట్టి ఒకటి కడగకుండానే తీసేస్తున్నాను.

ఇవాళ సొరంగం ఇరుకు దగ్గర నేను అడ్డంగా నిలబడి ఉన్నాను. వాడు నిండు బండితో వచ్చి ఆగాడు.

"జరుగు," అన్నాడు.

అక్కా అనలేదు. జరిగాను.